మురుకుల గొట్టం నుండి కంప్యూటరు తెర దాకా: బోలు ఆకారాల చరిత్ర



ఈసారి మీ ముందుకు తెస్తున్న చరిత్రలో రాజులు లేరు, కవులు లేరు. కంప్యూటరు తెర మీద ఒక గీత గీసి, దానికి పొడవు ఇచ్చి, లోపల బోలుగా ఉండే వస్తువును రూపొందించే విద్య ఎక్కడ పుట్టి ఎట్లా పెరిగిందన్నది నేటి విషయం. యంత్ర భాగాలు తయారుచేసే అనేక కర్మాగారాలలో ఈ పని జరుగుతుంది. తెలుగు బోధనకూ దీనికీ సంబంధమేమిటని మీరు అడగవచ్చు. ఆ సంబంధాన్ని నాకు చూపించినవాడు నా విద్యార్థి. అందువలన అతనితోనే మొదలుపెడతాను.

కొన్నేళ్ళ క్రితం, పదో తరగతి దాకా నా దగ్గర తెలుగు మాధ్యమంలో చదివిన ఒక అబ్బాయి వృత్తి శిక్షణలో చేరాడు. హోసూరు ప్రాంతపు పిల్లలలో చాలామంది ఎన్నుకొనే దారి అదే. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, సంతలో కన్నడం మాట్లాడగల చురుకైనవాడు. చేరిన మూడు నెలలకు ఒక ఆదివారం మా ఇంటికి వచ్చి, "సార్, నేను మానేస్తాను" అన్నాడు.

ఏం జరిగిందని అడిగాను. కంప్యూటరులో ఒక చదరపు గొట్టాన్ని గీయమన్నారట. బయటి కొలత 50 మిల్లీమీటర్లు, గోడ మందం 3 మిల్లీమీటర్లు, పొడవు ఒక మీటరు. అతను గీసిన ప్రతిసారీ యంత్రం ఇంగ్లీషులో ఏదో చెప్పి నిరాకరిస్తున్నదట. లేదా గొట్టానికి బదులు గట్టి కడ్డీ వస్తున్నదట. నేర్పేవారు అందరి ముందూ, "తెలుగు మీడియం వాళ్ళకు ఇది ఎక్కదులే" అన్నారట. అబ్బాయి ఆ మాటను నమ్మాడు. నన్ను బాధపెట్టినది ఆ నమ్మకమే.

నాకా ఆ సాఫ్టువేరు తెలియదు. నేను భాష చెప్పుకొనేవాణ్ణి. చేతనైనది ఒక్కటే చేశాను. వంటింట్లో నుండి మురుకుల గొట్టం తెచ్చి బల్ల మీద పెట్టి, "ఈ బిళ్ళకున్న రంధ్రం ఏ ఆకారంలో ఉంటే పిండి ఆ ఆకారంలో వస్తుంది కదా. మరి దీనితో లోపల బోలుగా ఉండే మురుకు వత్తగలమా?" అని అడిగాను. అబ్బాయి బిళ్ళను అటూ ఇటూ తిప్పి చూశాడు. "రాదు సార్. బోలు కావాలంటే రంధ్రం నడుమ ఒక ముక్క ఉండాలి. ఆ ముక్కను పట్టుకొనేది ఇక్కడ ఏదీ లేదు" అన్నాడు.

మిత్రులారా, ఆ జవాబు విన్న వెంటనే అతనికి అర్థం కాలేదన్నది అబద్ధమని నాకు తెలిసిపోయింది. మనుషులు చాలాకాలం తల బద్దలు కొట్టుకొన్న ప్రశ్నను అతను అర నిమిషంలో పట్టుకొన్నాడు. ఆ తరువాత నేను చదివి తెలుసుకొన్న చరిత్రను మీతో పంచుకొంటాను. అతని గొట్టం ఎందుకు రాలేదో చివరలో చెబుతాను.

బోలు ఎందుకు?

ముందుగా ఒక లెక్క. అబ్బాయి గీయవలసిన గొట్టాన్నే తీసుకొందాం. బయటి చదరం వైశాల్యం 50 × 50, అంటే 2500 చదరపు మిల్లీమీటర్లు. గోడ రెండు వైపులా 3 చొప్పున పోగా లోపలి చదరం భుజం 44, దాని వైశాల్యం 1936. ఇనుము ఉన్న భాగం 564 చదరపు మిల్లీమీటర్లు మాత్రమే. ఉక్కు సాంద్రత ఘన సెంటీమీటరుకు 7.85 గ్రాములు కనుక, మీటరు పొడవు గొట్టం సుమారు 4.4 కిలోలు తూగుతుంది. అదే కొలతల గట్టి కడ్డీ 19.6 కిలోలు. బరువు నాలుగో వంతు కూడా లేదు. వంగకుండా నిలిచే గుణం మాత్రం గట్టి కడ్డీకి ఉన్నదానిలో 40 శాతం ఉంటుంది. అంటే బోలు చేస్తే బరువు తగ్గినంతగా బలం తగ్గదు. సైకిలు చట్రం నుండి బస్సు పైకప్పు దాకా గొట్టాలే ఎందుకు వాడుతారో పిల్లలకు ఈ ఒక్క లెక్కతో చెప్పవచ్చు.

ఈ సంగతిని గెలీలియో 1638లో లైడెన్ నగరంలో అచ్చయిన తన చివరి గ్రంథంలో చర్చించాడు. పక్షుల ఎముకలు, రెల్లు కాడలు బోలుగా ఉండి కూడా బలంగా ఎందుకు ఉంటాయన్నది ఆయన ప్రశ్న. ఒకే బరువు పదార్థంతో గట్టి కడ్డీ కంటె బోలు గొట్టం ఎక్కువ బలంగా ఉంటుందని ఆయన వాదించాడు.

అంతకు చాలా ముందే మన దక్కనులో ఈ ఆకారపు వైశాల్యాన్ని లెక్క కట్టినవారున్నారు. 9వ శతాబ్దిలో, రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలంలో, నేటి కర్ణాటక ప్రాంతానికి చెందిన జైన గణితజ్ఞుడు మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసారసంగ్రహం రచించాడు. వక్ర క్షేత్రాల రకాలను చెబుతూ అందులో వృత్తానికి వెలుపల ఉండే ఉంగరపు ఆకారాన్ని బహిశ్చక్రవాళ వృత్తమనీ, వృత్తానికి లోపల ఉండే ఉంగరాన్ని అంతశ్చక్రవాళ వృత్తమనీ వేరుచేశాడు. ఒక గీత లోపల మరొక గీత ఉంటే నడుమ మిగిలే స్థలానికి పేరు పెట్టి, దాన్ని ఒక క్షేత్రంగా గుర్తించాడన్నమాట. ఆ గణితసారసంగ్రహాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. కన్నడ దేశంలో, సంస్కృత భాషలో పుట్టిన లెక్క తెలుగువారి లెక్క అయింది. రాష్ట్రేతరాంధ్రులమైన మనం ఈ విషయాన్ని పిల్లలకు తప్పక చెప్పాలి. శాస్త్రం ఒక భాష సొత్తు కాదు.

కాగితం మీద బోలు

లోపల దాగి ఉన్న ఖాళీని కాగితం మీద చూపడం ఎట్లా? ఈ ప్రశ్నకు క్రమబద్ధమైన జవాబు ఇచ్చినవాడు ఫ్రాన్సుకు చెందిన గాస్పార్ మోంజ్. 1760లలో మెజియేర్ సైనిక విద్యాలయంలో ఉండగా, కోట గోడల ఎత్తులను నిర్ణయించే పనిని దీర్ఘమైన లెక్కలు లేకుండా గీతలతోనే సాధించాడు. ఒకే వస్తువును పై నుండి చూసినట్లు ఒకటి, ముందు నుండి చూసినట్లు మరొకటి గీసి, ఆ రెండింటినీ జత కలిపే పద్ధతి అది. సైన్యం దాన్ని చాలాకాలం రహస్యంగా ఉంచింది. విప్లవం తరువాత 1795లో మోంజ్ పారిస్‌లో ఆ విద్యను బహిరంగంగా బోధించాడు. ఆ పాఠాలు 1799లో పుస్తకంగా వచ్చాయి. నేటికీ మన పిల్లలు శిక్షణ సంస్థలలో నేర్చుకొనే యంత్ర చిత్రలేఖనానికి పునాది అదే.

ఆ పద్ధతిలో లోపలి ఖాళీని విరుపు గీతలతో చూపుతారు. లేదా వస్తువును మధ్యకు కోసినట్లు ఊహించి, కోతపడిన భాగంలో ఏటవాలు గీతలు నింపి, ఖాళీ భాగాన్ని తెల్లగా వదిలివేస్తారు. అయితే ఇందులో ఒక పరిమితి ఉంది. అది బోలు అని కాగితానికి తెలియదు. చదివేవాని మనస్సుకే తెలుస్తుంది. ఈ తేడాను గుర్తుంచుకోండి. తరువాతి కథ అంతా దీని మీదే నడుస్తుంది.

వత్తడం అనే పని

ఇక మన మురుకుల గొట్టానికి వద్దాం. కంప్యూటరులో గీతకు పొడవు ఇచ్చే ఆజ్ఞ పేరు ఎక్స్‌ట్రూడ్. ఈ మాట లాటిన్ నుండి వచ్చింది. బయటకు నెట్టు అని దాని అర్థం. లోహపు పని నుండి ఈ మాట కంప్యూటరులోకి వచ్చింది.

ఇంగ్లండుకు చెందిన జోసెఫ్ బ్రామా 1797లో మెత్తని లోహాన్ని అచ్చులో నుండి నెట్టి గొట్టాలు చేసే పద్ధతికి పేటెంటు పొందాడు. 1820లో థామస్ బర్ నీటి ఒత్తిడితో నడిచే యంత్రంతో సీసపు గొట్టాలు చేశాడు. 1894 నాటికి అలెగ్జాండర్ డిక్ ఇత్తడి వంటి గట్టి లోహాలను వేడిచేసి వత్తే పద్ధతిని తెచ్చాడు.

అందరికీ ఎదురైన చిక్కు మా అబ్బాయి చెప్పినదే. బోలు రావాలంటే అచ్చు నడుమ ఒక కడ్డీ ఉండాలి. దాన్ని ఎవరు పట్టుకొంటారు? వెనుక నుండి పొడవైన కడ్డీని దూర్చి నిలబెట్టడం ఒక ఉపాయం. రెండవ ఉపాయం మరింత చిత్రమైనది. నడిమి ముక్కను సన్నని కాళ్ళతో అచ్చుకు బిగిస్తారు. వేడి లోహం ఆ కాళ్ళ దగ్గర చీలి, కాళ్ళు దాటగానే ఒత్తిడికి మళ్ళీ అతుక్కొని గొట్టంగా బయటపడుతుంది. అల్యూమినియం కిటికీ చట్రాలలో బోలు ముక్కలను ఇట్లాగే చేస్తారు. మీ ఇంటి కిటికీ చట్రం తెగిన చివర ఎక్కడైనా కనబడితే పిల్లలకు చూపండి.

కంప్యూటరుకు గీత నేర్పినవాడు

1963లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ విద్యార్థి ఐవన్ సదర్లండ్ తన పరిశోధన గ్రంథాన్ని సమర్పించాడు. దాని పేరు స్కెచ్‌ప్యాడ్. లింకన్ ప్రయోగశాలలోని టీఎక్స్-2 అనే కంప్యూటరు తెర మీద, కాంతి కలంతో నేరుగా గీతలు గీయడం అందులోని విశేషం. అంతకంటె గొప్ప విశేషం మరొకటుంది. గీత గీసిన తరువాత దానికి నియమం పెట్టవచ్చు. ఈ రెండు గీతలు సమాంతరంగా ఉండాలి, ఈ రెండు భుజాలు సమానంగా ఉండాలి అని చెబితే, వంకరగా గీసిన చిత్రాన్ని యంత్రమే సవరించుకొంటుంది. ఆరు భుజాల వంకర ఆకారాన్ని గీసి, మూలలన్నీ ఒక వృత్తం మీద ఉండాలనీ భుజాలన్నీ సమానమనీ చెబితే చక్కని షడ్భుజి వస్తుంది. సదర్లండ్ తన గ్రంథంలో చూపిన ఉదాహరణ అదే.

బోధకులుగా మనం గమనించవలసినది ఇక్కడ ఉంది. అందమైన చేతిరాత ఈ విద్యకు అవసరం లేదు. ఏ గీతకు ఏ గీతతో ఏమి సంబంధమో చెప్పగలగాలి. అది మాటలతో చేసే పని, భాషతో చేసే పని.

ఘనాన్ని నేర్పినవారు

అయితే స్కెచ్‌ప్యాడ్‌లోని గీత సమతలం మీది గీతే. తరువాత మూడు దిక్కుల గీతలు వచ్చాయి. కార్ల కంపెనీలలో, ముఖ్యంగా ఫ్రాన్సులో, వంపు ఉపరితలాల గణితం వచ్చింది. వాటిని త్వరగా దాటి ముందుకు పోదాం, ఎందుకంటే బోలు సమస్యను అవి తీర్చలేదు. తీగలతో కట్టిన బొమ్మ వలె అంచులను మాత్రమే దాచుకొన్న చిత్రానికి లోపలేదో వెలుపలేదో తెలియదు. ప్రసిద్ధమైన ఉదాహరణ ఒకటి ఉంది. ఒక ఘనం మధ్య నుండి రంధ్రం పోతున్నదనుకొందాం. అంచుల గీతలు మాత్రమే చూపితే, ఆ రంధ్రం ముందు నుండి వెనుకకు పోతున్నదా, ఎడమ నుండి కుడికి పోతున్నదా, పై నుండి కిందికి పోతున్నదా అని చెప్పలేని బొమ్మను గీయవచ్చు. మోంజ్ కాగితానికి ఉన్న లోపమే కంప్యూటరుకూ మిగిలింది.

ఈ చిక్కును 1970లలో రెండు బృందాలు రెండు దారుల్లో విప్పాయి. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఇయాన్ బ్రెయిడ్ 1973 నాటి తన పరిశోధనలో, ఘనాన్ని దాని సరిహద్దు ద్వారా చెప్పాడు. ఏ ముఖాలు, ఏ అంచులు, ఏ మూలలు, ఏది దేనికి ఆనుకొని ఉంది, ప్రతి ముఖానికీ పదార్థం ఏ వైపున ఉంది అన్నది యంత్రం జ్ఞాపకంలో ఉంటుంది. అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో హెర్బర్ట్ వోల్కర్, అరిస్టైడిస్ రెక్విచా మరొక దారి పట్టారు. సరళమైన ఘనాలను కలపడం, తీసివేయడం, రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని ఉంచుకోవడం అనే మూడు క్రియలతో ఏ వస్తువునైనా చెప్పారు. వారి భాషలో గొట్టమంటే పెద్ద దిమ్మెలో నుండి చిన్న దిమ్మెను తీసివేయగా మిగిలినది. అట్లా తీసివేసినప్పుడు మందం లేని పొరలు మిగిలి లెక్క చెడకుండా రెక్విచా గణిత నియమాలు ఏర్పరచాడు.

బ్రెయిడ్ దారిలో ఒక పాత సూత్రం కాపలాదారుగా నిలిచింది. 1750లో ఆయిలర్ ఒక ఉత్తరంలో చెప్పిన సూత్రం అది. మూలల సంఖ్యలో నుండి అంచుల సంఖ్య తీసివేసి ముఖాల సంఖ్య కలిపితే 2 రావాలి. పెట్టెకు చూడండి: 8 − 12 + 6 = 2. ఇప్పుడు మన చదరపు గొట్టానికి మూలలు 16, అంచులు 24, ముఖాలు 10. లెక్క కడితే మళ్ళీ 2 వస్తుంది! అయితే గొట్టమూ పెట్టే ఒకటేనా? కాదు. గొట్టం రెండు చివర్ల ముఖాలకు లోపల మరొక గీత ఉంది. అట్లాంటి లోపలి గీతలు రెండు. వాటిని తీసివేస్తే 0 వస్తుంది. పెట్టెకు 2, గొట్టానికి 0. ఆ తేడాయే "ఇందులో ఆరపార ఒక రంధ్రం ఉంది" అని యంత్రానికి చెప్పే సాక్ష్యం. ఏడో తరగతి పిల్లలు కూడా అగ్గిపెట్టె బయటి డబ్బాతో దీన్ని లెక్కించగలరు. లోపలి అరను బయటకు లాగేస్తే డబ్బా చదరపు గొట్టమే కదా.

రెండు దారులు కలిసిన చోటు

బ్రెయిడ్, అతని మిత్రులు స్థాపించిన షేప్ డేటా సంస్థ నుండి 1978లో రోములస్, తరువాత పారాసాలిడ్ వచ్చాయి. నేడు వేరువేరు పేర్లతో అమ్ముడయ్యే అనేక సాఫ్టువేర్ల లోపల ఘన గణితం చేసేది ఇట్లాంటి కొన్ని మూల కార్యక్రమాలే. కాబట్టి ఒకటి అర్థమైన విద్యార్థికి మిగిలినవి కొత్తవి కావు.

అయినా ఒక లోటు మిగిలింది. గొట్టం గోడ మందం 3 నుండి 4 చేయాలంటే పాత వస్తువును చెరిపి మళ్ళీ చేయవలసి వచ్చేది. లెనిన్‌గ్రాడ్ నుండి అమెరికాకు వలస వచ్చిన గణితజ్ఞుడు శామ్యూల్ గైస్‌బర్గ్ 1985లో స్థాపించిన సంస్థ, 1980ల చివరలో ప్రో ఇంజనీర్ అనే సాఫ్టువేరును తెచ్చింది. అందులో ముందు గీత గీస్తారు. గీతకు నియమాలు, కొలతలు పెడతారు. తరువాత వత్తుతారు. తరువాత కోస్తారు. ఈ అడుగులన్నీ వరుసగా జ్ఞాపకం ఉంటాయి. మొదటి అడుగులో ఒక అంకె మార్చితే చివరి వస్తువు దానంతట అదే మారుతుంది. సదర్లండ్ నియమపు గీత, బ్రెయిడ్ ఘనం, ఈ రెండూ రోజువారీ పనిలో ఒకచోట కలియడానికి పాతికేళ్ళు పట్టిందన్నమాట. 1993లో జాన్ హిర్ష్‌టిక్ స్థాపించిన సాలిడ్‌వర్క్స్ సంస్థ 1995లో ఇదే పద్ధతిని విండోస్ నడిచే మామూలు కంప్యూటర్లకు తెచ్చింది. చిన్న కర్మాగారాలకు ఈ విద్య అందుబాటులోకి రావడానికి అది తోడ్పడింది.

మన బడులకు మరింత ఉపయోగపడేది ఫ్రీక్యాడ్. 2002లో మొదలై, 2024 నవంబరులో 1.0 సంచికకు చేరిన ఈ సాఫ్టువేరు ఉచితం. ఏ బడి అయినా, ఏ ఇల్లయినా డబ్బు కట్టకుండా పెట్టుకోవచ్చు.

బోలు చేసే మూడు దారులు

ఇప్పుడు పని విధానం చెబుతాను. పేర్లు సాఫ్టువేరును బట్టి మారుతాయి. భావం మారదు.

మొదటి దారి, ఒకే చిత్రంలో రెండు గీతలు. ఒక తలాన్ని ఎన్నుకొని బయటి చదరం గీయాలి. అదే చిత్రంలో దాని లోపల రెండవ చదరం గీయాలి. రెండూ పూర్తిగా మూసుకొని ఉండాలి. ఒకదాన్నొకటి తాకకూడదు, ఖండించుకోకూడదు. అప్పుడు వత్తితే, రెండింటి నడిమి భాగానికే పదార్థం వస్తుంది. మహావీరాచార్యుని అంతశ్చక్రవాళం గొట్టమై నిలుస్తుంది. ఇక్కడ మురుకుల గొట్టంతో పోలిక ఆగిపోతుందని పిల్లలకు చెప్పండి. తెర మీద నడిమి ముక్కను పట్టుకొనే కాలు అవసరం లేదు. అక్కడ పదార్థం లేదు, సరిహద్దు మాత్రమే ఉంది.

రెండవ దారి, ముందు గట్టి కడ్డీ వత్తి, దాని చివరి ముఖం మీద లోపలి చదరం గీసి, ఈసారి కలిపే ఆజ్ఞ కాకుండా కోసే ఆజ్ఞ ఇవ్వడం. ఇది వోల్కర్ తీసివేత.

మూడవ దారి, గట్టి వస్తువును చేసి, తెరచి ఉంచవలసిన ముఖాన్ని చూపి, గోడ మందం చెప్పడం. దీన్ని ఇంగ్లీషులో షెల్ అంటారు. తెలుగులో దీనికి వెతుక్కోనక్కరలేని మాట ఉంది: గుల్ల. సముద్రపు గుల్లా గుల్లే, లోపల ఖాళీ అయినదీ గుల్లే. టిఫిను డబ్బా, మందుల సీసా వంటివి ఈ దారిలో సులువు.

ఇప్పుడు మా అబ్బాయి సంగతి. తరువాతి ఆదివారం అతను తన పనిని తెచ్చి చూపాడు. "ఏం చేశావో తెలుగులో చెప్పు నాయనా, ఒక్కొక్క అడుగూ చెప్పు" అన్నాను. చెబుతూ చెబుతూ తానే ఆగిపోయాడు. మొదటి దారిలో చేసినప్పుడు లోపలి చదరంలో ఒక మూల అతుక్కోలేదు. తెర మీద అతికినట్లే కనిపించింది. పెద్దది చేసి చూస్తే వెంట్రుకవాసి సందు. మూయని గీతకు లోపలా వెలుపలా ఉండవు కనుక యంత్రం నిరాకరించింది. రెండవ దారిలో చేసినప్పుడు కోసే ఆజ్ఞకు బదులు కలిపే ఆజ్ఞ ఇచ్చాడు. గట్టి కడ్డీలోకి మరొక గట్టి కడ్డీని కలిపితే గట్టి కడ్డీయే కదా మిగిలేది! తప్పులు రెండే. రెండూ గీతలోనివి, అడుగులోనివి. మాధ్యమానివి కావు. ఆ రోజు అబ్బాయి నవ్వాడు. శిక్షణ మానలేదు, పూర్తిచేశాడు.

మన అక్షరాలతో ఒక పాఠం

ఈ విషయాన్ని తెలుగు తరగతిలోనే మొదలుపెట్టవచ్చు. బలపంతో గీసిన సున్న ఒక గీత. అచ్చులోని సున్నకు మందం ఉంటుంది. అంటే దానికి సరిహద్దు గీతలు రెండు, ఒకటి బయట, ఒకటి లోపల. దాన్ని తెర మీద వత్తితే బోలు ఉంగరం వస్తుంది. మన కంప్యూటరు అక్షర రూపాలను దాచుకొనేదీ ఇట్లాగే. ట్రూటైప్ పద్ధతిలో బయటి గీత ఒక దిక్కుకు తిరిగితే లోపలి గీత ఎదురు దిక్కుకు తిరుగుతుంది. ఆ ఎదురు తిరుగుడే ఇది ఖాళీ అని చెబుతుంది.

ఇక 'ఠ' రాయించండి. నడుమ ఒక చుక్క ఉంది. ఆ అక్షరాన్ని వత్తితే ఏమవుతుంది? చుట్టూ ఉన్న అక్షరం ఒక వస్తువు, చుక్క వేరొక వస్తువు. రెండింటినీ కలిపేది ఏదీ లేదు. అట్టముక్కలో 'ఠ' ఆకారాన్ని కోసి రంగు పూసే అచ్చు చేయాలన్నా ఇటువంటి చిక్కే. సున్నను అట్టలో కోస్తే నడిమి ముక్క రాలిపోతుంది. గోడల మీద అంకెలు పూసే రేకు అచ్చులలో సున్నకు అడ్డంగా చిన్న వంతెనలు ఉండడం ఇందుకే. వేడి లోహం దాటి వచ్చే కాళ్ళూ అవే, బిళ్ళను చూసి మా అబ్బాయి లేదన్నదీ అదే. ఏ అక్షరంలో మూసిన గీత ఉంది, ఏ అక్షరంలో విడి చుక్క ఉంది అని పిల్లల చేత పట్టిక వేయించండి. లిపీ నేర్చుకొంటారు, క్షేత్రగణితమూ నేర్చుకొంటారు.

మీకొక విన్నపం

తల్లిదండ్రులతో ఒక మాట. తెలుగులో చదివితే సాంకేతిక విద్య అందదన్న భయంతో మీలో కొందరు పిల్లలను తెలుగు తరగతి మాన్పిస్తున్నారు. మీ భయాన్ని నేను తేలికగా కొట్టివేయను. ఆ ఆజ్ఞలు ఇంగ్లీషులోనే ఉంటాయి. ఉద్యోగంలో ఇంగ్లీషు మాట కావలసిందే, ఇరుగుపొరుగు రాష్ట్ర భాష కావలసిందే. మా అబ్బాయి కూడా నేడు ఎక్స్‌ట్రూడ్ అనే అంటాడు, వత్తుట అనడు. నేనూ అనమని చెప్పను. అయితే ఆ ఆజ్ఞలు వేళ్ళ మీద లెక్కపెట్టదగినన్ని మాటలు, వారం రోజులలో వస్తాయి. లోపలేది, వెలుపలేది, ఏది మూసుకొన్నది, ఏది తెరచుకొన్నది, దేనిలో నుండి దేన్ని తీసివేయాలి అన్న ఆలోచన పదేళ్ళలో తయారవుతుంది. అది బిడ్డకు బాగా వచ్చిన భాషలోనే తయారవుతుంది.

ఉపాధ్యాయులతో మరొక మాట. ప్రతి ఆజ్ఞకూ నోరు తిరగని కొత్త పదాన్ని కల్పించనక్కరలేదు. బోలు, గుల్ల, గొట్టం, అంచు, మూల, వత్తు, కోయి. ఇవన్నీ ఇంట్లో ఉన్న మాటలే. ముందు వాటితో భావం చెప్పి, తరువాత యంత్రం మీది మాటను చూపితే చాలు. విద్యార్థి తప్పు చేసినప్పుడు, అతని మాధ్యమాన్ని నిందించే ముందు, "ఏం చేశావో నీ మాటల్లో చెప్పు" అని ఒక్కసారి అడగండి. నా అనుభవంలో సగం తప్పులను పిల్లలు చెబుతూనే దిద్దుకొంటారు.

ఈ పండుగకు మీ ఇంట్లో మురుకులు వత్తేటప్పుడు పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకోండి. బిళ్ళ చేతికిచ్చి, బోలు మురుకు ఎట్లా వస్తుందని అడగండి. వారు చెప్పే జవాబు విని, ఆ తరువాతే వారికి ఏది అర్థమవుతుందో ఏది కాదో నిర్ణయించండి.

సెలవు.